స్టూలు దాటకూడని మొక్క

ఆ రోజుల్లో మా సీమలో "పెరుగు తల్లీ" అని మొక్కనివాళ్లు లేరు. జొన్న జానెడు లేస్తే ఒక కొబ్బరికాయ, చెనక్కాయ పూత నిలబడితే ఇంకో కొబ్బరికాయ. (ఆ కొబ్బరికాయ కూడా మా దగ్గర పెరిగింది కాదు, సంతలో కొనుక్కొచ్చిందే.) పైరు పెరగాలి, గొర్రె పెరగాలి, బావిలో నీళ్లు పెరగాలి. మా ఊళ్లో అడక్కుండా పెరిగేవి రెండే, ఎండా, వయసూ. అలాంటి చోట పుట్టిన నాకు, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, ఒక మొక్కను పెరగకుండా చూసే పని పడింది. ఆ పని మా తాత ముత్తాతల్లో ఎవరూ చేసి ఎరగరు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు కంటే ముందు నడుంనొప్పి వస్తుంది.

కర్నూలు అప్పుడు రాజధాని. రాజధాని అనగానే ఈ కాలం పిల్లలు ఏమేమో ఊహించుకుంటారు గాని, మేమెరిగిన రాజధాని గుడారాలది. మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసులు గుడారాల్లో, అధికారులు దొరికిన ఇళ్లల్లో, గుమాస్తాలు దొరికిన అరుగుల మీద. గాలిదుమారం లేచిందంటే ఫైళ్లు ఎగిరిపోకుండా వాటి మీద మేమే కూర్చునేవాళ్లం. నేను ఓర్వకల్లు పక్కన రాళ్లే తప్ప నీళ్లు లేని ఒక పల్లెవాణ్ణి. టైపు నేర్చిన పుణ్యాన ఆ గుడారంలో ఒక టైపిస్టును, అదీ టెంపరరీ. ఆ 'టెంపరరీ' అన్న మాట మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అబ్బాయి సర్కారు ఉద్యోగి అయినాడని మా నాయన రచ్చబండ దగ్గర మీసం తిప్పుతుంటే, మధ్యలో ఆ ఒక్క మాట ఎందుకులే అనుకున్నాను. ఇంతలో రాజధాని హైదరాబాదుకు పోతుందన్న మాట పుట్టింది. పర్మనెంటు వాళ్లు రైలెక్కుతారు, టెంపరరీ వాళ్లు ఇంటిదారి పడతారు. మా సెక్షను అధికారి పైవాళ్లతో ఒక మంచి మాట చెబితే నేను రైలెక్కుతాను. చెప్పకపోతే మా నాయన వెనక నాగలి పట్టుకుని మళ్లీ ఆ రాళ్లలోకే.

మా అధికారిని మేము వెనకాల 'కొలతల దొర' అనేవాళ్లం. నేను టైపు చేసిన కాగితం చేతికివ్వగానే ఆయన అందులో ఏముందో చదివేవాడు కాదు, ముందు స్కేలు తీసి పక్కన వదిలిన మార్జిను కొలిచేవాడు. మార్జిను సరిపోతే విషయం కూడా సరిపోయినట్టే. మంచివాడే. తిట్టేవాడు కాదు, కసిరేవాడు కాదు, కొలిచేవాడు, అంతే. ఆయన భార్యకు ఏడో నెల నడుస్తున్నది, కానుపుకు మద్రాసు పుట్టింటికి వెళుతున్నది. ఒక ఆదివారం ఉదయం నన్ను ఇంటికి పిలిపించారు. వెళ్లేసరికి ముందుగదిలో రెండు కుర్చీల మధ్య ఒక మూడుకాళ్ల స్టూలు, స్టూలు మీద ఒక పింగాణీ కుండీ, కుండీలో ఒక మొక్క. చూడ్డానికి అనాస పండు నెత్తిన ఉండే ఆకుల గుత్తిలా ఉంది. ఆకుల అంచున సన్నటి ముళ్లు, ఆకులన్నీ కలిసిన చోట గిన్నెలాంటి గుంట, ఆ గుంటలో నీళ్లు. అమ్మగారు దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పింది, అనాసకు చుట్టమని కూడా చెప్పింది. పేరు నా చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఇదిగో అబ్బాయ్, ఇది ఇంట్లోనే ఉండాలి, ఎండ తగలకూడదు. ఈ గిన్నెలో ఎప్పుడూ నీళ్లుండాలి. ఎరువు వేయకూడదు, కుండీ మార్చకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆకులు ఈ స్టూలు అంచు దాటకూడదు. దాటితే నా కుర్చీల మధ్య పట్టదు. నేను తిరిగొచ్చేసరికి ఇట్లాగే ఉండాలి, సరేనా?" అంది అమ్మగారు. "సరేనండి" అన్నాను. (సరే అనడం టెంపరరీ వాడికి ఊపిరి పీల్చడం లాంటిది.) గుడారాల్లోనూ అరుగుల మీదా కాకుండా నిజమైన కప్పు కింద బతుకుతున్న గుమాస్తాను నేనొక్కణ్ణేనట, అందుకని నన్ను ఎన్నుకున్నారట. కొలతల దొర పేపరు దించి, "మొక్క సంగతి నువ్వు చూడు, నీ సంగతి నేను చూస్తాను" అన్నాడు. కొలతకు ఉంటుందని స్టూలు కూడా నాతోనే పంపించాడు. ఒక చంకలో స్టూలు, ఇంకో చేతిలో మొక్క పట్టుకుని కర్నూలు బజారులో నడిచి వస్తుంటే, ఎదురొచ్చిన ప్రతివాడూ "ఏమప్పా, అమ్ముతావా?" అని అడిగినవాడే. ఇంటికి చేరేసరికి ముళ్లు గీరుకుని చెయ్యంతా ఎర్రబడింది.

నేనుండేది మా మేనత్త ఇంట్లో. మా నాయన కంటే పెద్దది, మొగుడు పోయినాక ఆ పాత వీధిలో రెండంకణాల మట్టిమిద్దెలో ఒంటరిగా ఉండేది. పిల్లలు లేరు. ఆమెకు తెలిసిన ప్రేమ ఒక్కటే, పెట్టడం. కుక్క వస్తే కుక్కకు, కాకి వస్తే కాకికి, నేను వస్తే నాకు. కంచంలో సంగటి ముద్ద సగం కూడా కాకముందే ఇంకో ముద్ద పడేది. "వద్దత్తా" అంటే ఇంకొంచెం పెట్టమన్నానని ఆమె లెక్క. కంచం మీద రెండు చేతులూ అడ్డం పెడితే, చేతుల మీదే పెట్టేంత పని చేసేది. అలాంటి మనిషి ముందుకు ఒక మొక్కను తీసుకొచ్చి, దీనికి ఏమీ పెట్టకూడదు అని చెప్పడమంటే పిల్లికి పాలకుండ కాపలా పెట్టడమే. ఆ మాత్రం బుద్ధి నాకు అప్పుడు లేకపోయింది.

"యాడిదిరా ఇది?" అంది అత్త.

"మా అధికారి భార్యది అత్తా. పుట్టింటికి పోతూ చూసుకోమని ఇచ్చింది. ఇది పెరగకూడదంట."

"పెరగకూడదా?" అత్త చీపురు కింద పెట్టేసింది. "పెరగకూడదని చెట్టును సాకుతారా యాడన్నా? బిడ్డను కనబోతా ఉండాది, ఆ తల్లి అనాల్సిన మాటేనా అది?" మొక్క చుట్టూ ఒకసారి తిరిగింది. గుంటలో నీళ్లు చూసి ముచ్చటపడింది. "సూడు, చెంబు నెత్తిన పెట్టుకోని వచ్చినాది. మన సీమకు తెలిసే వచ్చినాది. శానా ఆకలితో ఉండాది నాయనా ఇది, మొగం సూడు."

"చెట్టుకు మొగమేంది అత్తా?"

"ఉండాదిలే. నీకు కనపడదు."

ఆ రోజు నుంచి దాని పేరు చెంబుచెట్టు. స్టూలును కిటికీ పక్కన వేసి, దాని మీద మొక్కను పెట్టి, ఉద్యోగానికి పోయేముందు రోజూ వంగి ఆకుల కొసలు చూసేవాణ్ణి. కొన్ని వారాలు ఏ ఆకూ అంచు దాటలేదు. నేను కూడా ఏదో సాధించినవాడిలా మీసం దువ్వుకుంటూ ఆఫీసుకు పోయేవాణ్ణి. తర్వాత ఒక ఉదయం ఒక ఆకు కొస స్టూలు అంచు మీంచి కిందికి తొంగిచూస్తున్నది. నా కళ్లలో తేడా అనుకున్నాను. ఆ వారంలోనే ఇంకో ఆకు, దాని పక్కన మరోటి. ఏదో వాసన కూడా వస్తోంది. కుండీ దగ్గర ముక్కు పెట్టి చూద్దును గదా, నూనె తీసినాక మిగిలే చెనక్కాయ చెక్క, నానబెట్టి వేసింది. మట్టి కొంచెం కదిలిస్తే నల్లగా గుండ్రంగా మేక పెంటికలు. చెక్క అత్తదేనని తెలుసు, మా ఇంట్లో మేకల్లేవు కాబట్టి పెంటికలు పక్కింటి ఖాలావి అయ్యుండాలి. ఖాలా అంటే మా అత్త వయసే ఉన్న సాయిబుల ఆవిడ. ఇంటినిండా మేకలు పెంచేది. ఇద్దరికీ మధ్య గోడ ఒకటే, పగలంతా గోడకు అటొకరు ఇటొకరు నిలబడి లోకాన్ని నడిపేవాళ్లు.

"ఎరువు వేయొద్దని చెప్పినా గదా అత్తా!" అని నేను గొంతు చించుకుంటే అత్త కొర్రలు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. గోడ మీంచి ఖాలా జవాబు చెప్పింది. "అరె బేటా, అది ఎరువు కాదు, దవా. మందు. మా మేక పెంటికలు వేస్తే రాయి కూడా చిగురేస్తాది." ఆ కొర్రలు కడిగిన నీళ్లు కూడా ఎటు పోతున్నాయో నాకప్పుడు అర్థమైంది.

ఇంక నా యుద్ధం మొదలైంది. వెలుతురుకు పెరుగుతోందేమోనని కిటికీ దగ్గర్నుంచి తీసి చీకటి మూలకు జరిపాను. అది వెలుతురును వెతుక్కుంటూ ఆకుల్ని ఇంకా పొడుగ్గా సాచింది. నీళ్లు ఆపేశాను. నేను ఆపితే అత్త పోసింది, అత్త మరిచిపోతే ఖాలా గుర్తు చేసింది. పురికొస తెచ్చి జొన్నచొప్ప కట్ట కట్టినట్టు ఆకులన్నీ దగ్గరికి లాగి కట్టాను. సాయంత్రం వచ్చేసరికి కట్టు విప్పి ఉంది, "ఊపిరాడ్డంల్యా దానికి" అంది అత్త. కత్తెర తీసుకుని కొసలు కత్తిరిస్తే, కత్తిరించిన చోటల్లా గోధుమరంగుకు తిరిగి, బీడీ ముక్కలు గుచ్చినట్టు తయారైంది. ఈ పోరాటంలో నా చేతుల నిండా ముళ్ల గీతలు. గుడారంలో తోటి గుమాస్తాలు "ఏమప్పా, పెండ్లి కాకముందే ఈ గీరుళ్లేంది?" అని పరాచికాలు. నాకు నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు. పగలు దొరగారి మార్జిన్లు కాపాడాలి, పొద్దునా సాయంత్రం అమ్మగారి మార్జిను కాపాడాలి. మధ్యలో అత్తా ఖాలా గోడకు అటూ ఇటూ కాచుకుని ఉంటారు. అంత చిన్నవయసులో అంత అలసిపోయినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

కొలతల దొర అప్పుడప్పుడూ స్కేలు పక్కన పెట్టి అడిగేవాడు. "మొక్క ఉందా?" "ఉందండి." "స్టూలు?" "స్టూలు కూడా ఉందండి." ఆ రెంటికీ ఉన్న సంబంధం గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఒక ఆదివారం ఊరికి పోయి వచ్చేసరికి చెట్టు స్టూలు దిగేసింది. ఎప్పుడో మెడ పగిలిన పాత నీళ్ల కాగు ఒకటి పెరట్లో ఉండేది. అత్తా ఖాలా కలిసి దాన్ని లోపలికి దొర్లించుకొచ్చి, చెరువుమట్టి నింపి, చెంబుచెట్టును అందులోకి మార్చారు. పింగాణీ కుండీని శుభ్రంగా కడిగి గూట్లో బోర్లించారు. నేను తల పట్టుకుని కూర్చుంటే, "దిగులు పడాకు నాయనా, కుండ ఇరుకై కాళ్లు ముడుచుకోని ఉన్నాది, ఇప్పుడు సాచుకుంటాది" అని ధైర్యం చెప్పింది అత్త. సాచుకోవడమంటే అదీ సాచుకోవడం! రెండంకణాల ఇంట్లో ఒక అంకణం దానిదే. నేను చాప వేసుకుంటే ఆకులు చెవుల్లోకి వచ్చేవి. చివరికి దాన్ని వంటగదిలోకి ఈడ్చాం. పొయ్యికి ఒకవైపు అత్త, ఇంకోవైపు చెట్టు, మధ్యలో నా కంచం. ఆ తర్వాత కొన్నాళ్లకు మొదలు పక్కల నుంచి పిలకలు మొలిచాయి. "చెట్టు ఈనినాదిరా!" అని అత్త వీధిలోకి పోయి మరీ కేక పెట్టింది. అదే నెలలో మద్రాసు నుంచి దొరగారికి కొడుకు పుట్టాడన్న కబురు వచ్చింది. "ఆయమ్మ కానుపు ఆడాయె, ఈయమ్మ కానుపు ఈడాయె" అని ఖాలాకు బెల్లం ముక్క పంచిపెట్టింది. నాకూ ఒక ముక్క పెట్టింది గాని, నేను దాన్ని చేతిలోనే పట్టుకుని పిలకలు లెక్కపెట్టాను.

బాలింత మూడో నెలకే వస్తుందనుకున్న అమ్మగారు, బిడ్డకు పడిశమని, ఎండలని, ముహూర్తం లేదని ఆగుతూ ఆగుతూ ఏడాది చేశారు. ఆ ఆగిన ప్రతి నెలా నాకు ఉరి వాయిదా పడ్డట్టుండేది. అటు హైదరాబాదు మాట ఖాయమైపోయింది. ఎవరు వెళ్లాలి, ఎవరు ఉండిపోవాలి అన్నది తేలే రోజులు. అప్పుడు ఒక మధ్యాహ్నం దొరగారు మార్జిను కొలుస్తూ కొలుస్తూ, "మా ఆవిడ వచ్చేవారం వస్తోంది. మొక్క తెచ్చిపెట్టు. ఇచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లా" అన్నాడు. ఆ ఆఖరి మాట అంటూ స్కేలుతో బల్ల మీద ఒకసారి తట్టాడు.

ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికొచ్చి కొడవలి తీశాను. చుట్టూ ఆకులు తెగ్గొట్టి, మధ్యన మిగిలినదాన్ని ఎలాగో పింగాణీ కుండీలో కుక్కాలని నా ఆలోచన. (ఆలోచన అనడం కూడా ఎక్కువే.) కాగు దగ్గర వంగి చూస్తే మధ్య గుంటలో నుంచి ఎర్రగా ఒక మొగ్గ తల ఎత్తి ఉంది. దాన్ని అత్త పొద్దుననే చూసినట్టుంది, పక్కన దీపం వెలిగించి పెట్టింది. నా చేతిలో కొడవలి చూడగానే చెట్టుకూ నాకూ మధ్య వచ్చి నిలబడింది.

"పూతకొచ్చిన దాన్ని కోస్తావా? నువ్వు సేద్యగాని కొడుకువేనా?"

అప్పటిదాకా బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఇది పెరిగితే నాకు ఉద్యోగం లేదత్తా! నేను పర్మనెంటు కాదు, టెంపరరీ!"

"అంటే?"

"అంటే పొమ్మంటే పోవాల్సినవాణ్ణి. ఈ మొక్క ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిస్తేనే ఆయన నా గురించి ఒక మాట చెప్తాడు. మీరిద్దరూ కలిసి దీన్ని ఏనుగును చేసినారు."

అత్త పొయ్యి పక్కన కూలబడింది. "ముందే సెప్పుంటే ఒక్క సుక్క పోసుందునా నాయనా?" అంది. "ఇన్ని దినాలూ చెట్టు కడుపు నింపుతాండాననుకున్నా. నీ కడుపు మీద కొడతాండానని తెలీకపాయె." నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "ఆయమ్మ ఇచ్చినప్పుడు ఎంతుండె?" అని అడిగింది. నేను చేతులు చాపి చూపించాను. కాగు చుట్టూ తిరిగి, పిలకలన్నీ వేలితో తడిమి, ఒకదాన్ని ఎంచింది. నా చేతిలోని కొడవలి తీసుకుని, తల్లి మొదలుకు దెబ్బ తగలకుండా, వేళ్లతో సహా దాన్ని వేరుచేసింది. గూట్లోంచి పింగాణీ కుండీ దింపి అందులో నాటి స్టూలు మీద పెడితే, అచ్చం ఏడాది కిందట నేను చేత పట్టుకుని వచ్చిన మొక్కలాగే ఉంది. కొసలు స్టూలు అంచు దగ్గర బుద్ధిగా ఆగి ఉన్నాయి. అత్త అలవాటు కొద్దీ కొర్రనీళ్ల చెంబు ఎత్తి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు దించేసింది.

దొరగారింట్లో అమ్మగారు పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను స్టూలుతో సహా ముందు పెట్టిన మొక్కను చూసి, "అరే, అచ్చం ఇచ్చినట్టే ఉందే! ఒక్క ఆకు పెరగలేదు!" అని మురిసిపోయింది. ఆ మెప్పు నా చొక్కా లోపల పల్లేరుకాయలా గుచ్చుకుంది. "అమ్మా, ఇది ఆ మొక్క కాదండి. దాని పిలక. అసలుది చాలా పెద్దదైపోయింది, మా ఇంట్లో ఉంది" అని చెప్పేశాను. చెప్పేసి ఓర్వకల్లు రాళ్లను కళ్లముందు చూసుకుంటూ నిలబడ్డాను. అమ్మగారు అర్థంకాక దొరగారి వైపు చూసింది. ఆయన పేపరు దించి, లేచి వచ్చి, స్కేలు లేకుండానే ఒక కన్ను మూసి స్టూలు అంచును చూశాడు.

"అంచు దాటిందా?" అన్నాడు.

"లేదండి. కాని ఇది అది కాదండి."

"నీకిచ్చింది స్టూలు కొలత. తెచ్చింది స్టూలు కొలత. తల్లయితే ఏమిటి, పిల్లయితే ఏమిటి? మార్జిను సరిపోయిందిగా!" అని మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. ఇంతలో ఒళ్లోని పిల్లవాడు ఆకు పట్టుకుని లాగి, ముల్లు గుచ్చుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. "అమ్మో, పాకే పిల్లాడున్న ఇంట్లో ఇదెందుకు, వరండాలో పెట్టెయ్యండి" అంది అమ్మగారు. దాని చోటులో, ఆ రెండు కుర్చీల మధ్య, అప్పటికే ఉయ్యాల ఉందని నేను అప్పుడు గమనించాను. ఏడాది పాటు నా ఒంట్లో రక్తం పీల్చిన కొలత అలా రెండు నిమిషాల్లో ఎవరికీ అక్కర్లేనిదైపోయింది. కోప్పడ్డానికి కూడా ఓపిక లేక, మొక్కను వరండాలో పెట్టి ఇంటికొచ్చాను. తర్వాత కొద్దిరోజులకే నా పేరు హైదరాబాదు పోయేవాళ్లలో చేరింది. చెప్పిన కొలత దాటనివ్వని మనిషి అని దొరగారు పైవాళ్లతో అన్నాడట.

అదే వారం చెంబుచెట్టు పూసింది. మామూలు పూత కాదది. ఎర్రటి కాడ, ఎర్రటి రేకులు, కొసన నీలిరంగు, పొయ్యి పక్కన ఇంకో మంట లేచినట్టు. వీధి వీధంతా మా వంటగదిలోకి వచ్చి చూసిపోయింది. అత్త పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ఖాలా తన కోడళ్లను వరసగా నిలబెట్టి చూపించి, "మా మేకల మహిమ" అని చెప్పుకుంది. ఆ నాలుగు దినాలు మా అత్త నడకే వేరు. నాకు ఉద్యోగం నిలిచిందన్న సంతోషం కంటే ఆ చెట్టు పూసిన సంతోషమే ఆమె మొహంలో ఎక్కువ కనిపించేది, నాకు అది తప్పనిపించలేదు.

పూత వాడిపోయింది. వాడితే వాడిందిలే, మళ్లీ పూస్తుంది అనుకున్నాం. కాని ఆ తర్వాత ఆకులు కూడా ఒక్కొక్కటే పసుపెక్కి, వంగి, మెత్తబడడం మొదలెట్టాయి. అత్త నీళ్లు మార్చి చూసింది, మట్టి మార్చి చూసింది, చెక్క పెంచి చూసింది, తగ్గించి చూసింది. ఏం చేసినా తల్లిచెట్టు దినదినానికి కుంగిపోయింది. (అరటితోటలున్న ఊళ్లో పుట్టి ఉంటే ఆమెకు ఇందులో వింత కనిపించేది కాదు. మా మెట్ట పల్లెల్లో అరటి అంటే పెళ్లికి బయటినుంచి వచ్చే పండు, చెట్టును కళ్లతో చూసినవాళ్లు తక్కువ. మేమెరిగిన చెట్లు తుమ్మా, వేపా. అవి చస్తే నీళ్లు లేకనే చస్తాయి. నీళ్లున్న చెట్టు, పూసిన చెట్టు, ఎందుకు చావాలి?) ఖాలా గోడ మీంచి చూసి నిట్టూర్చి, మనసులో ఏమీ లేకుండానే, "ఎక్కువ తినిపిస్తే మేకలు కూడా అట్లే పోతాయి బీబీ" అంది. ఆమెకు తెలిసింది మేకలే. కాని ఆ మాట మా అత్తలో ఎక్కడో దిగబడిపోయింది.

"నేనే పెట్టి పెట్టి చంపినానేమో నాయనా?" అని నన్ను అడిగింది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. కాదత్తా, కాదులే అన్నాను. తెలియనివాడు చెప్పిన 'కాదు' ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. మిగిలిన పిలకల్ని తన దగ్గర ఉంచుకోలేదు. ఖాలాకు ఒకటి, వీధిలో అడిగినవాళ్లకు తలా ఒకటి ఇచ్చేసింది. "నా చేతిలో ఉంటే బతకవు" అంది. కాగును మళ్లీ పెరట్లోకి దొర్లించింది.

అంతటితో పోయి ఉంటే బాగుండేది. నేను హైదరాబాదు రైలెక్కేముందు ఆ ఇంట్లో తిన్న తిండి నాకిప్పటికీ గుర్తు. కంచంలో ఒక సంగటి ముద్ద పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, రెండో ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయేది. "చాల్నా నాయనా?" అని అడిగేది. ఆమె నోట ఆ మాట నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. కుర్రతనం కదా, హమ్మయ్య, ఇక ముద్దల మీద ముద్దలు పడే బాధ తప్పిందిలే అనుకుని, "చాలత్తా" అన్నాను. ఆమె ఆ ముద్దను మళ్లీ కుండలో పెట్టేసింది.

ఎన్నో ఏళ్లు గడిచాయి. పెన్షను తీసుకుంటున్న వయసులో, ఒక సాయంత్రం మా ఆవిడ బలవంతం మీద హైదరాబాదులో పూల ప్రదర్శనకు పోయాను. కాళ్ల నొప్పులతో ఒక మూల నిలబడితే ఎదురుగా చెంబుచెట్టు. అదే గుంట, అవే నీళ్లు, అదే ఎర్రటి కాడ. అమ్మే కుర్రాడు అమ్మకం మాటల్లో పడి చెప్పుకుపోతున్నాడు. "బ్రోమీలియాడ్ జాతి సార్. ఇంట్లో పెట్టుకోవచ్చు, చిన్న కుండీలో పెడితే చిన్నగానే ఉంటుంది. ఒక్కసారే పూస్తుంది. పూశాక తల్లిమొక్క ఎండిపోతుంది, పిలకలు మిగుల్తాయి."

"ఎరువు ఎక్కువైతే ఎండిపోతుందా?" అని అడిగాను.

"దానికీ దీనికీ సంబంధం లేదు సార్. మీరు ఎట్లా చూసుకున్నా పూశాక పోయేదే, దాని తీరే అంత. నిజానికి తిండి బాగున్న మొక్కే బాగా పూస్తుంది. లేకపోతే ఏళ్ల తరబడి ఊరికే అట్లా కూర్చుని ఉంటుంది."

"అత్తా, నువ్వు చంపలేదంట" అన్నాను. పైకే అన్నాను. అత్త పోయి అప్పటికి చాలా కాలమైంది. కుర్రాడు నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అని గాబరాగా అడిగింది. ఎవరితోనూ కాదులే, ఇంటికి పోదాం పద అన్నాను.

ఆ పూట భోజనం దగ్గర మా ఆవిడ రోజూ అడిగినట్టే, "చాలా?" అని అడిగింది. డాక్టరు నాకు ఇంత అన్నం, ఇంత కూర అని గీత గీసి ఇచ్చాడు, ఆమె ఆ గీత దాటనివ్వదు. నేను రోజూ "చాలు" అనేవాణ్ణి. ఆ పూట మాత్రం కంచం ఆమె వైపు జరిపి, "చాల్లేదు, ఇంకొంచెం పెట్టు" అన్నాను. ఈ ముసలాయనకు ఇవాళ ఏమైంది అన్నట్టు నన్నొక చూపు చూసింది గాని, పెట్టింది.